కుర్చీ మీద చెయ్యి

దొంతర నిలబడనంది.

అక్క ఇరవై బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి చెయ్యి తీసింది. సరైన బిళ్ళలైతే గోడ కట్టినట్టు నిలబడాలి. ఇవి కాసేపు ఆలోచించుకుని, మెల్లగా ఓ పక్కకు ఒరిగి, బల్లంతా దొర్లాయి. ఒకటి నేల మీద పడి, గుమ్మం దాకా పోయి, పెద్దమనిషి బూటుకు తగిలి ఆగింది. ఆయన వంగి దాన్ని తీసి, జేబురుమాలుతో తుడిచి, తిరిగి బల్ల మీద పెట్టాడు.

"చూశారుగా వదినగారూ, ఇదీ వరస. ఆటలో ఎవరు దగ్గినా పడిపోతున్నాయి."

"లేబుల్ ఉబ్బి ఉంటుందండీ. తీసి కొత్తవి వేస్తే చక్కగా కూర్చుంటాయి."

"అందుకేగా మీ దగ్గరికి తెచ్చింది," అన్నాడాయన. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఎదుటివాళ్ళే కాస్త ముందుకు వంగి వినాలి.

వీధిలో అందరూ ఆమెను బిళ్ళలక్క అంటారు. పేకాటలో డబ్బుకు బదులు బల్ల మీద పెట్టే బిళ్ళలు ఉంటాయి కదా, వాటిలో పాతవి పోగుచేసే పిచ్చి కొందరికి ఉంటుంది. మూతపడిన క్లబ్బులవి, ముక్కలు చేసి అమ్మేసిన ఓడలవి, ఎవరో తాతగారి పెట్టెలో దొరికినవి. బిళ్ళ మధ్యలో గుండ్రటి గుంట, ఆ గుంటలో బొమ్మ వేసిన లేబుల్. అది వెలిసినా చిరిగినా ఊడదీసి, గుంట శుభ్రం చేసి, కొత్తది అంటించడం ఆమె పని. ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, తల ఆరబెట్టుకునే డ్రయ్యర్, పల్చటి బ్లేడు, లైటర్లలో పోసే పెట్రోలు, దూది పుల్లలు, చిన్న పట్టకారు. ఇదే ఆమె రాజ్యం. పదహారేళ్ళుగా ఈ బల్ల మీదే చెల్లెలికీ తనకీ అన్నం పుట్టింది.

పెద్దమనిషి ఏడాదిగా వస్తున్నాడు. మొదట ఏవో క్లబ్బు బిళ్ళలు తెచ్చాడు. ఒకసారి అక్క చేతులకు జిగురు అంటుకుని ఉంటే తలుపు చెల్లెలు తీసింది. ఆ తరవాత ఆయన బాగుచెయ్యక్కర్లేని బిళ్ళలు కూడా తేవడం మొదలుపెట్టాడు. వచ్చే సోమవారం రిజిస్టరు ఆఫీసులో ఆయనకూ చెల్లెలికీ పెళ్ళి. చెల్లెలికి ముప్పై తొమ్మిది, ఆయనకు యాభై దాటాయి. మొదటి భార్య జ్వరంతో పోయిందని, పిల్లలు లేరని ఆయనే చెప్పాడు. దాచుకోకుండా చెప్పాడు కదా అని అక్క సంతోషించింది కూడా.

ఇప్పుడు తెచ్చినవి ఓడ బిళ్ళలు. ఒక ప్రయాణికుల ఓడలో ఆటగదివి. ఆ ఓడా లేదు, ఆ మట్టి బిళ్ళలు అచ్చు పోసిన కంపెనీ కూడా లేదు. ఒకదాన్నొకటి తగిలిస్తే చప్పుడు గాజులా ఉండదు, మెత్తగా, గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది. ఓడ లేబుళ్ళు ఎప్పుడో పోయాయి. వాటి చోట నీలం శాలువా కప్పుకున్న ఒకావిడ, ఎత్తు వీపున్న కుర్చీ చేతి మీద ఎడంచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"పోయినావిడండీ," అన్నాడు పెద్దమనిషి. "మా ఇంట్లో ఆటబల్ల మీద ఇంటావిడ బొమ్మ ఉండాలి. అదో అలవాటు. స్నేహితులకు కూడా అలవాటైపోయింది."

కోటు లోపలి జేబులోంచి కవరు తీసి ఇచ్చాడు. అందులో కొత్త లేబుళ్ళు, కత్తిరించి సిద్ధంగా ఉన్నాయి. నీలం శాలువా, ఎత్తు కుర్చీ, నవ్వుతూ చెల్లెలు.

సాయంత్రం చెల్లెలు కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చేసరికి అక్క ఒక లేబుల్‌ను అద్దం ముక్క మీద పెట్టి ఉంచింది.

"ఏంటే, మహారాణిలా కూర్చున్నావు? ఎప్పుడు తీయించుకున్నావు ఈ ఫొటో, నాకు చెప్పకుండా?"

"నేనెక్కడ కూర్చున్నాను? నేనిచ్చింది షాపు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటో. మిగతాదంతా కంప్యూటరు మాయ." చెల్లెలు లేబుల్ దగ్గరికి వంగి మురిసిపోయింది. "శాలువా మాత్రం నిజంగానే ఇచ్చాడు. అచ్చం ఇదే."

"కంప్యూటరు నీ చిటికెనవేలు కూడా సరిచేసింది చూడు, పైసా ఖర్చు లేకుండా."

చెల్లెలు ఎడమచేతి చిటికెనవేలు మధ్యలో వంకర. బొమ్మలో చెయ్యి పొడుగ్గా, వేళ్ళన్నీ తిన్నగా, కుర్చీ చేతి మీద ఏదో వాయిస్తున్నట్టుగా ఉంది. చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే తన చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

*

బుధవారం పొద్దున చెల్లెలు షాపుకి వెళ్ళగానే అక్క పని మొదలుపెట్టింది. డ్రయ్యర్ చిన్న వేడిలో పెట్టి, బిళ్ళకు జానెడు దూరంలో పట్టుకుని, ఇరవై దాకా లెక్కపెట్టింది. ఎక్కువ వేడి చేస్తే మట్టి పగులుతుంది, తక్కువైతే జిగురు వదలదు. లేబుల్ అంచు కాస్త మెత్తబడ్డాక బ్లేడు పడుకోబెట్టి కిందికి పోనిచ్చింది. ఊపిరి బిగబట్టి లాగాలి. తొందరపడితే సగం చిరిగి సగం మిగులుతుంది, ఆ సగం తీయడానికి పూట పోతుంది. లేబుల్ ముక్కలవకుండా చక్కగా వచ్చేసింది.

కింద మట్టి కనిపించాలి. నీలంగా ఏదో మెరిసింది.

"బద్ధకపు చేతులు," అని తిట్టుకుంది అక్క. పాతది తీయకుండా దాని మీదే అంటించిన పనివాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. దొంతర ఎందుకు నిలబడలేదో ఇప్పుడు తెలిసింది. స్టీలు స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై బిళ్ళల దొంతర ఇరవై రెండింటి ఎత్తు దాటి ఉంది. రెండు వైపులా ఒక్కో పొర ఎక్కువుంటే ఇంత లేవదు. ఇంకో పొర కూడా ఉన్నట్టే.

పెట్రోలులో ముంచిన దూదితో పైజిగురు తుడిచి, బిళ్ళను వెలుతురుకి పట్టింది. పోయినావిడదే పాత ఫొటో అయ్యుంటుందనుకుంది. నీలం శాలువా అదే, కుర్చీ అదే. మొహం మాత్రం వేరు. గుండ్రటి మొహం, దట్టమైన కనుబొమలు. ఈమె ఎవరో తెలియదు.

మళ్ళీ డ్రయ్యర్ పట్టుకుంది. ఈ జిగురు తెల్లగా, రబ్బరులా సాగింది. ఏడెనిమిదేళ్ళ కిందటి సరుకు. అది కూడా వచ్చాక అడుగున మూడోది. దాని జిగురు గోధుమరంగుకి తిరిగి, పెళుసైపోయింది. తాకితే రాలుతోంది. ఇది నేరుగా మట్టికే అంటించి ఉంది. నీలం శాలువా, కుర్చీ, మరో మొహం. సన్నటి మనిషి. పెదాలు కొంచెం విడి ఉన్నాయి.

అక్క లేచి కిటికీ రెక్క మరికాస్త తెరిచింది. పెట్రోలు వాసనకి తల తిరుగుతోందేమో అనుకుంది. నీళ్ళు తాగి వచ్చి, మూడింటినీ అద్దం ముక్క మీద వరసగా పరిచి, పక్కన చెల్లెలిది పెట్టి, భూతద్దం తీసుకుంది.

నాలుగు బొమ్మల్లోనూ చెయ్యి ఒక్కటే. ఒకేలాంటిది అనుకోవడానికి లేదు. బొటనవేలి పక్కన చిన్న మచ్చ నాలుగింట్లోనూ ఉంది. చూపుడువేలి గోరు అంచు చితికి ఉంది. అది కూడా నాలుగింట్లో ఉంది. శాలువా మడతలు అవే. మెడ అదే. ఆ మెడ ఎవరో పక్కనుంచి పిలిస్తే తిరిగినట్టు కాస్త ఎడమకు తిరిగి ఉంది. అడుగునున్న సన్నటావిడ మొహం కూడా ఆ మెడతో పాటే తిరిగి, పిలిచినవాళ్ళ వైపే చూస్తోంది. మిగతా ముగ్గురూ ఎదురుగా చూస్తున్నారు. పిలుపు మెడకు వినిపించింది, వీళ్ళకు వినిపించలేదు.

చెల్లెలు కూడా ఎదురుగానే చూస్తోంది.

అక్కకు భయమేసింది. బల్ల మీద ఉన్నవి గోరంత కాగితం ముక్కలని తెలుసు. అయినా భయమేసింది. పట్టపగలు, వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు, పక్కింట్లో కుక్కర్ కూస్తోంది. ఆ చప్పుళ్ళు వింటూ కూర్చుంది కాసేపు.

చేతిలో పని పడ్డాక సగంలో వదలడం ఆమెకు రాదు. ఆ రోజంతా ఊడదీస్తూనే ఉంది. పైవి ముక్కలవకుండా వచ్చాయి, రెండోవి కాస్త సాగాయి. అడుగువి మాత్రం జిగురు పెళుసై చిరిగిపోతున్నాయి. ఒకదాంట్లో కళ్ళు పోయాయి, ఒకదాంట్లో నోరు పోయింది. ప్రతిదాంట్లోనూ చెయ్యి మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది. అంచున ఉంది కాబట్టి వేడి బాగా తగిలి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

వేడి చేసిన లేబుళ్ళు చల్లారితే ముడుచుకుంటాయి, అది వాటి గుణం. నాలుగయ్యేసరికి అద్దం మీద పరిచినవన్నీ మెల్లగా అంచులు లేపుకుని, మొహాలు లోపలికి మడుచుకున్నాయి. అక్క వాటి మీద పాత నిఘంటువు బరువు పెట్టింది. చెల్లెలు ఇంటికొచ్చే ముందు అంతా సర్దేసింది.

"ఎంతదాకా వచ్చింది నా పెళ్ళికానుక?" అని అడిగింది చెల్లెలు, చెప్పులు విప్పుతూనే.

"జిగురు మొండిగా ఉందే. ఇంకా తీస్తున్నా," అంది అక్క. అబద్ధం కాదు కదా అనుకుంది.

*

గురువారం పొద్దున్నే సిరా బాబాయి షాపుకి వెళ్ళింది. లేబుళ్ళు అచ్చువేసే ముసలాయన. చేతివేళ్ళు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి, అందుకే ఆ పేరు. పెద్దమనిషి ఇచ్చిన కవరు మీద ఈయన షాపు ముద్ర ఉంది.

అక్క మూడు లేబుళ్ళు కౌంటర్ మీద పెట్టింది. బాబాయి కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించుకున్నాడు.

"ఓ, కుర్చీనా," అన్నాడు. "మా దగ్గర దాని పేరే కుర్చీ."

"ఎన్నిసార్లు వేశావు బాబాయ్?"

"ఇదిగో, మొన్నటితో నాలుగు. మొదటిది మా అన్న ఫొటో తీశాడు. ఈ షాపులోనే, ఆ మూల. కుర్చీ ఆర్డరిచ్చినాయన తన ఇంటి నుంచి బండిలో తెచ్చుకున్నాడు. ఆమె కూర్చుంది, అన్న బటన్ నొక్కే టైముకి బయట ఎవరో పిలిచారు, తిరిగింది. మళ్ళీ తీద్దామన్నాడు అన్న. అక్కర్లేదు, బాగుందన్నాడు ఆయన."

"ఎవరు పిలిచారు?"

"ఎవరో. ఆమె పుట్టింటివాళ్ళేమో. నేను చూడలేదు." బాబాయి కంప్యూటర్ తెర అక్క వైపు తిప్పాడు. తెర నిండా శాలువా, కుర్చీ, చెయ్యి. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు ఖాళీ. "తరవాత వచ్చినప్పుడల్లా ఇదే చెయ్యమంటాడు. మొహం నీకెలా కుదిరితే అలా పెట్టు బాబూ, చెయ్యి మాత్రం కదపొద్దు అంటాడు. ఒకసారి నేను ఆ మచ్చ తుడిచేశాను, నీటుగా ఉంటుందని. మొత్తం వెనక్కిచ్చాడు. కోప్పడలేదు పాపం. మళ్ళీ వెయ్యమన్నాడంతే."

"పాతవాటి మీదే అంటించిందెవరు?"

"మేమే," అన్నాడు బాబాయి, కాస్త సిగ్గుపడి. "అంటించడం వచ్చు గానీ ఊడదీయడం మాకేం వచ్చు? అది నీ విద్య కదా."

"వాళ్ళంతా ఏమయ్యారు బాబాయ్?"

"ఒకావిడ పోయిందన్నారు. ఒకావిడ వెళ్ళిపోయిందన్నారు. మొదటావిడ సంగతి..." కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి నెట్టుకున్నాడు. "ఆర్డరిచ్చినాయన్ని అవన్నీ ఎవరడుగుతారమ్మాయ్?"

"మొన్నటిది మా చెల్లెలి మొహం. తెలుసా నీకు?"

బాబాయికి తెలియదు. ఆయన చెల్లెల్ని ఎప్పుడూ చూడలేదు. మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ముందే చెప్పుంటే..." అని మొదలుపెట్టి, ముందే చెప్పుంటే తానేం చేసేవాడో తెలియక ఆపేశాడు.

అక్క దారంతా చెల్లెలితో ఎలా చెప్పాలో సాధన చేసుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చేసరికి చెల్లెలు ఆ పూట షాపుకి సెలవు పెట్టి, అప్పటికే వచ్చి, నీలం శాలువా కప్పుకుని, అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో ఆసుపత్రి చీటీ.

"రేపు పన్నెండింటికి నా వేలు ఆపరేషన్," అంది వెలిగిపోతున్న మొహంతో. "చిన్నదేనట. ఎముక కాస్త కోసి, తిన్నగా పెట్టి, తీగ కడతారు. ఆయనే మాట్లాడాడు, డబ్బు కూడా ఆయనే కట్టేశాడు. వద్దన్నా వినలేదు."

అక్క చీటీ తీసుకుని బల్ల మీద పెట్టింది. "వేలు ఎందుకే ఇప్పుడు? నొప్పేం లేదుగా?"

"నొప్పి లేకపోతే వంకరగా ఉండాలా? ముప్పై ఏళ్ళుగా చూస్తున్నావు, ఎప్పుడైనా అనిపించిందా నీకు, దీన్ని బాగుచేయిద్దామని? ఆయనకు అనిపించింది. మొదటిరోజు తలుపు తీసినప్పుడే చూశాడట. కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ఇక్కడ పెట్టు అని, ఎంతసేపు చూశాడో. ఇది ఒక్కటీ సరైపోతే చాలు అన్నాడు."

"అంటే ఆయన ఇంటికెళ్ళావా? ఆ కుర్చీ చూశావా?"

"చూడకుండా పెళ్ళి చేసుకుంటారా?"

అక్క ఇక సాధన చేసిందేదీ గుర్తులేక, నిఘంటువు ఎత్తి, లేబుళ్ళు బల్ల మీద వరసగా పేర్చింది. జరిగింది చెప్పింది. చెల్లెలు నిలబడే వింది. శాలువా తీయలేదు.

"అయితే ముగ్గురన్నమాట," అంది చివరికి. "నాకు ఒకరనే చెప్పాడు. ఏం, సిగ్గుపడి ఉంటాడు. చెప్తే నువ్వు ఒప్పుకునేదానివా? నాకొచ్చినవాళ్ళలో నువ్వు ఒప్పుకున్నవాడు ఒక్కడున్నాడా? ఒకడు ఎక్కువ మాట్లాడాడు, ఒకడు తక్కువ మాట్లాడాడు. ఒకడి చెప్పులు నచ్చలేదు నీకు."

"అది వేరే."

"ఏం వేరే? పదహారేళ్ళు పొద్దున లేస్తే నీ పెట్రోలు వాసన. నాకూ ఒక ఇల్లు కావాలని ఉండదా?"

"ఉండాలే. నేను కాదన్నానా? కానీ ఆ చెయ్యి చూడు. నీ మొహం ఇంకొకామె మెడ మీద పెట్టారు. ఇప్పుడు నీ చెయ్యిని ఆమె చెయ్యి చేస్తున్నారు. నాకు భయంగా ఉందే."

చెల్లెలు తన ఎడంచెయ్యి అక్క మొహం ముందు పెట్టింది. "దీన్ని తలుపులో పెట్టి విరగ్గొట్టింది ఎవరు? నువ్వు. బాగుచేయించేది ఎవరు? ఆయన. ఇక భయం గురించి నువ్వు నాకు చెప్పకు."

ఆ తలుపు వేసింది నిజంగా అక్కే. అప్పుడు తనకు పన్నెండు, దానికి ఎనిమిది. దేనికి కోపమొచ్చిందో కూడా ఇప్పుడు గుర్తులేదు. గురువారం రాత్రి ఇద్దరూ చెరో గదిలో కూర్చుని తిన్నారు.

*

శుక్రవారం పొద్దున అక్క లేచి వచ్చేసరికి చెల్లెలు షాపుకి వెళ్ళిపోయింది. బల్ల మీద నాలుగు లేబుళ్ళు కూడా లేవు. ఆసుపత్రి చీటీ కూడా లేదు.

చేసేదేం లేక అక్క మిగిలిన బిళ్ళలు తుడిచింది. అన్నీ ఇప్పుడు ఒట్టి బిళ్ళలు. మధ్యలో లేతరంగు మట్టి గుంట, దాంట్లో ఏమీ లేదు. కొత్త లేబుల్ ఎలా వేయాలో ఆమె వేళ్ళకు తెలుసు. లేబుల్ పక్కకు జరగకుండా చెక్క కడియం బిళ్ళ మీద బిగించి, పట్టకారుతో లేబుల్ దించి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. ఒక్కసారి, ఊరికే, చెల్లెలి లేబుల్ ఒకటి తీసి బిళ్ళ మీదికి తెచ్చింది. దించలేక మళ్ళీ కవర్లో పెట్టేసింది. గడియారం పదకొండున్నర చూపించింది, పన్నెండు చూపించింది. ఆసుపత్రికి పరిగెత్తాలా, పరిగెత్తి ఏం చెప్పాలి? తలుపు వేసినదానివి నువ్వు అంటే ఏం చెయ్యాలి? అలా అనుకుంటూ చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంది.

పన్నెండున్నరకు చెల్లెలు లోపలికొచ్చింది. అక్క ముందు చూసింది ఆ చెయ్యినే. కట్టు లేదు. వేలు ఎప్పట్లాగే వంకరగా ఉంది. అక్క వేసుకున్న చెప్పులు విప్పేసింది.

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా షాపులో పెద్ద లెన్సు ఉంటుంది కదా, కళ్ళద్దాల గీతలు చూసేది. దాని కింద పెట్టాను. ఆ చేతికి ఉంగరం ఉండేదక్కా. తీసిన చోట తెల్లటి గీత ఉంది. నలుగురికీ ఉంది. నాకు కూడా ఉంది. నేనెప్పుడు పెట్టుకున్నాను ఉంగరం?" నాలుగు లేబుళ్ళూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఆసుపత్రి దాకా వెళ్ళాను. వరండాలో నాకోసం కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు, లేచాడు, మొదట చెయ్యి పట్టుకున్నాడు. మొహం తరవాత చూశాడు. నాకు ఒకటి అడగాలి, ఇంటికి రండి అని చెప్పి వచ్చేశాను. వెనకే వస్తున్నాడు."

ఆయన వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకుని, ఇద్దరికీ విడివిడిగా నమస్కారం పెట్టి, కూర్చోమన్నాకే కూర్చున్నాడు. కోపం లేదు. ఆపరేషన్ మళ్ళీ మంగళవారం పెట్టుకోవచ్చట, డాక్టరుగారు ఒప్పుకున్నారట. అదే మెత్తటి గొంతుతో చెప్పాడు.

చెల్లెలు అడుగు లేబుల్ ఆయన ముందుకు జరిపింది. చిరగనిది అదొక్కటే మిగిలింది. "ఈమె పేరేంటండీ?"

పెద్దమనిషి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. లేబుల్‌ను అరచేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు. అబద్ధమాడే మనిషి మొహం అక్కకు తెలుసు. బేరాలు చేసేవాళ్ళ మొహాలు పదహారేళ్ళుగా చూస్తోంది. ఇది ఆ మొహం కాదు. ఆయన నిజంగానే గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు ఏదో అక్షరం కోసం తడుముకుని వెనక్కొచ్చాయి.

"ఉండాలండీ, పేరు," అన్నాడు. "ఈ చెయ్యి మాత్రం బాగా గుర్తు. పేక కలిపితే చప్పుడే అయ్యేది కాదు. బిళ్ళలు పేరిస్తే అలా నిలబడేవి. తరవాత ఎవరికీ అలా కుదరలేదు."

"మిగతా ఇద్దరి పేర్లు?"

ఆయన ఆ రెండు లేబుళ్ళ వైపు మర్యాదగా చూశాడు, ముందెప్పుడూ పరిచయం లేనివాళ్ళ వైపు చూసినట్టు. తల అడ్డంగా ఊపాడు.

చెల్లెలు చాలా మామూలుగా, షాపులో ఎవరినో అడిగినట్టు అడిగింది. "నా పేరు చెప్పండి."

"ఇదేం ప్రశ్న," అని నవ్వాడు పెద్దమనిషి. నవ్వు అలాగే ఉంది, మాట మాత్రం రాలేదు. ఏడాదిగా ఆయన ఆమెను ఏమని పిలిచాడో అక్క ఆలోచించింది. మీ చెల్లెలుగారు అన్నాడు, ఏమండీ అన్నాడు, తరవాత అమ్మాయి అన్నాడు. ఆయన కుడిచెయ్యి మెల్లగా కోటు లోపలి జేబులోకి వెళ్ళి, రిజిస్టరు ఆఫీసు దరఖాస్తు కాగితం తీసి, మడత విప్పబోయింది.

"వద్దులెండి," అంది చెల్లెలు. శాలువా మడిచి ఆయన పక్కన పెట్టింది. "సోమవారం నేను రాను. చూసి చదవాల్సినంత శ్రమ మీకొద్దు."

ఆయన కాగితాన్ని మళ్ళీ మడత మీద మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాధపడ్డట్టే ఉన్నాడు. ఎవరి గురించి బాధో చెప్పడం కష్టం. అక్క వైపు తిరిగాడు.

"మరి బిళ్ళలు, వదినగారూ?"

"ఊడదీయడమే అయ్యింది. కొత్తవి వెయ్యలేదు, వెయ్యను." అక్క కవరు తీసి, అందులో లేబుళ్ళన్నీ ఆయన చూస్తుండగానే పెట్రోలు గిన్నెలో ముంచింది. రంగు నీలంగా దిగింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. పెట్టె మూత తీసి, ఒట్టి బిళ్ళలు ఇరవై తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. చెయ్యి తీశాడు. దొంతర తిన్నగా నిలబడింది. ఆయన మొహం వెలిగింది. వేలితో బల్ల తట్టాడు. అయినా పడలేదు.

"ఎంత బాగా కూర్చున్నాయో," అన్నాడు. "ఇంత శుభ్రంగా ఎవరూ చెయ్యరండీ. మళ్ళీ ఎప్పుడైనా లేబుళ్ళు వెయ్యాల్సి వస్తే మీ దగ్గరికే తీసుకొస్తాను. మీకేం అభ్యంతరం లేకపోతే."

చెల్లెలు గడప దాకా వెళ్ళి తలుపు పట్టుకుని నిలబడి ఉంది, ఆయన ఎప్పుడు దాటుతాడా అని.

"తీసుకురండి," అంది అక్క. "ఇంకెక్కడికీ వెళ్ళొద్దు. నా దగ్గరికే తీసుకురండి."

ఆయన నమస్కారం పెట్టి, పెట్టె చంకన పెట్టుకుని, శాలువా మోచేతి మీద వేసుకుని వెళ్ళిపోయాడు. చెల్లెలు తలుపు వేసి, వెనక్కి తిరిగి అక్కను చూసింది.

"ఇంత జరిగాక ఆయన్ని మళ్ళీ రమ్మంటావేంటక్కా? నీకేమైనా మతిపోయిందా?"

అక్క గిన్నెలో తేలుతున్న లేబుళ్ళను పట్టకారుతో కిందికి తోస్తోంది. తల ఎత్తలేదు.

"కొత్త మొహంతో లేబుళ్ళు తెస్తాడు కదే," అంది. "తెచ్చిన రోజే ఆ పిల్ల ఇల్లెక్కడో కనుక్కుంటాను."